కడపలో సమాధి, యార్క్‌షైర్‌లో పుట్టుక: పాత ప్యారిష్ రిజిస్టర్లలో పై తరాలు వెతికేదెట్లా?

కడప_కైఫీయత్:

కడప పాత ఇంగ్లీషు సమాధుల తోటలోని ఒక రాయి గురించి. మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీలో కెప్టెన్. 1831 ఆగస్టు 14న "వయసు 35వ ఏట" పోయినాడని, యార్క్‌షైర్ ఉత్తర భాగమైన నార్త్ రైడింగ్‌కు చెందిన ఫలానా ఆయన మూడో కొడుకని చెక్కి ఉంది. సొంతూరి పేరు ఉండాల్సిన చోట రాయి పెచ్చు లేచిపోయింది. ఇంటిపేరు అంత అరుదైనదేం కాదు.

ఆ కుటుంబం వాళ్లు ఇంగ్లండ్ నుంచి మెయిల్ పెట్టి, ఇక్కడి వివరాలతో పాటు పై తరాలు కూడా తేల్చగలరా అని అడిగారు. వాళ్ల దగ్గరున్నది నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం ఒక్కటే. అందులో 1562 దాకా పేర్లున్నాయి, ఒక్కదానికీ ఆధారం చూపలేదు.

ఊరు తెలియకుండా, అంటే ఏ చర్చి పరిధో తెలియకుండా, ఏ ప్యారిష్‌లో వెతకాలి? కడపలో కూర్చుని చూడగలిగినవి ఏవి, డబ్బు కట్టాల్సినవి ఏవి? ఆ 1562 వృక్షాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? తెలిసినవాళ్లు చెప్పండి.

గుత్తికోట:

అన్నా, యార్క్‌షైర్ సంగతి తర్వాత. ముందు ఈ మనిషి కాగితాలు ఇండియా వైపు పూర్తిగా తీయాల. ఊరి పేరు అక్కడే దొరికే అవకాశం ఎక్కువ.

మొదట వయసు లెక్క. "35వ ఏట" అంటే 34 నిండి 35 నడుస్తాందని. అంటే పుట్టింది 1796 ఆగస్టు 15కు, 1797 ఆగస్టు 14కు మధ్యలో. చానామంది 1831లో 35 తీసేసి 1796 అని రాసుకుని, 1797 పేజీలు తెరవకుండానే వదిలేస్తారు. పైగా రాయి మీది వయసు తోటి ఆఫీసర్లు చెప్పిందయ్యుంటాది, ఒకటి రెండేండ్లు అటూ ఇటూ పోతాది. 1794 నుంచి 1799 దాకా చూడు.

పోయిన అక్షరాలకు 1905లో మద్రాస్ ప్రభుత్వం అచ్చేసిన జె.జె. కాటన్ సమాధి శాసనాల జాబితా చూడు. అప్పటికి రాయి ఇంకా బాగుండి ఉండొచ్చు. అయితే ఆయన చారిత్రక ప్రాధాన్యం ఉందనుకున్న రాళ్లనే ఎక్కించినాడు, కనపడకపోతే కంగారు పడొద్దు.

తర్వాత భూస్థాపన నమోదు. ప్రెసిడెన్సీ చాప్లిన్లు (కంపెనీ పాదిరులు) తమ రిజిస్టర్ల నకళ్లు లండన్‌కు పంపేవాళ్లు. మద్రాస్‌వి బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరుస. ఫైండ్‌మైపాస్ట్ సైటులో స్కాన్లు ఉండాయి, దానికి డబ్బు కట్టాల. ఫిబిస్ (బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం) వాళ్ల సూచికలో పేరు వెతకడం ఉచితం. కడప కింద లేకపోతే బళ్లారి, మద్రాస్ కింద చూడు. చాప్లిన్ లేని స్టేషన్లో కలెక్టరో సైన్యాధికారో ప్రార్థన చదివి పూడ్చేవాళ్లు. ఆ కాగితం ఆలస్యంగా ఇంకో స్టేషన్ కట్టలో చేరేది. పోయిన చోటు, పూడ్చిన చోటు కూడా ఒకటే కానక్కర్లేదు. మన్రో దొర 1827లో పత్తికొండలో కలరాతో పోతే గుత్తిలో పూడ్చినారు, తర్వాత అస్థికలు మద్రాస్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి చేర్చినారు.

నీకు నిజంగా పనికొచ్చేది మాత్రం క్యాడెట్ కాగితాలు. కంపెనీ సైన్యంలో ఆఫీసరుగా చేరడానికి పెట్టుకున్న అర్జీలు, 1789 నుంచి 1860 దాకా, అదే ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎల్/ఎంఐఎల్/9 వరుసలో ఉండాయి. వయసు రుజువుకు సొంతూరి పాదిరి రిజిస్టరు చూసి రాసిచ్చిన బాప్తిస్మం నకలు వాటితో పాటు ఉంటాది. ప్యారిష్ పేరు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు అందులో చూసుకోవచ్చు. 1797 ప్రాంతంలో పుట్టినోడు 1813కూ 1819కీ నడుమ అర్జీ పెట్టుకుని ఉండాల. ఏ సంవత్సరం క్యాడెటో తెలియాలంటే ఏటా అచ్చయిన కంపెనీ ఉద్యోగుల జాబితా "ఈస్ట్ ఇండియా రిజిస్టర్" సంచికలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పు. ఆయన పేరు మొదట కనిపించిన ఏడాదికి కాస్త ముందుది తీస్తే సరిపోతాది.

ఈయన ఆఫీసరు కాబట్టి ఇది సాధ్యం. మామూలు గోరా సోల్జరైతే బాప్తిస్మం కాగితం ఉండదు, రిక్రూట్ల జాబితాలో ఊరు, వయసు, ముందు చేసిన పని, అంతే.

ఇంకోటి, వీలునామా. మద్రాస్‌లో రుజువైన వీలునామాలు, ఆస్తి జాబితాలు ఎల్/ఏజి/34 వరుసలో ఉండాయి. పెండ్లి కాని ఆఫీసరు అన్నదమ్ములకో అక్కచెల్లెండ్లకో రాసిపెట్టి ఉంటే వాళ్ల ఊర్లు, ఆడవాళ్ల అత్తగారి ఇంటిపేర్లు అక్కడే బయటపడతాయి. రాయి మీద "యార్క్‌షైర్" అన్నారని పుట్టింది కూడా అక్కడేనని అనుకోవద్దు. మన బ్రౌను దొర పుట్టింది 1798లో, కలకత్తాలో. అట్లాంటోళ్ల బాప్తిస్మం కోసం ఇంగ్లండ్ రిజిస్టర్లు ఎన్ని తిరగేసినా లాభం ల్యా, బెంగాల్ వరుస ఎన్/1 చూడాల.

పాత_దస్తరం:

పైన చెప్పిన క్రమం సరైనది. క్యాడెట్ కాగితం చేతికొచ్చాక ఇంగ్లండ్ వైపు ఏం చేయాలో రాస్తున్నాను.

1797, యార్క్‌షైర్ అన్న రెండు మాటలు కలిశాయంటే మీకు మంచి అవకాశం ఉంది. మామూలు ఇంగ్లీషు బాప్తిస్మం రిజిస్టర్లో 1812 దాకా పెద్దగా ఏమీ ఉండదు: తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, కొన్నిచోట్ల తల్లి పేరు. కానీ విలియం డేడ్ అనే పాదిరి తయారుచేసిన నమూనాను 1777లో యార్క్ ఆర్చిబిషప్ తన డయోసిస్ (బిషప్ పరిధి) అంతటా పాటించమన్నాడు. ఆ నమూనాలో బిడ్డ ఎన్నో కొడుకో ఎన్నో కూతురో, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, తండ్రి వృత్తి, నివాసం, తండ్రి ఎవరి కొడుకు, తల్లి ఎవరి కూతురు, ఆ తాతలది ఏ ఊరు, ఇవన్నీ ఉంటాయి. భూస్థాపన నమోదులో వయసు, చనిపోయిన కారణం కూడా. రాయి మీద "మూడో కొడుకు" అని ఉందన్నారు కదా, దాన్ని నేరుగా పోల్చుకోవచ్చు. చనిపోయిన పిల్లలను కలిపి లెక్కించారా లేదా అన్నది రాసినవాళ్లను బట్టి మారుతుంది. రాయికీ రిజిస్టరుకీ ఒక అంకె తేడా వచ్చిందని మనిషిని వదులుకోవద్దు.

రెండు హెచ్చరికలు. అందరు పాదిరులూ ఈ నమూనా పాటించలేదు. పని ఎక్కువని కొందరు పాత పద్ధతిలోనే రాసుకుపోయారు. నార్త్ రైడింగ్ మొత్తం యార్క్ డయోసిస్ కింద లేదు కూడా. పడమటి వైపు రిచ్‌మండ్ చుట్టుపక్కల ప్యారిష్‌లు అప్పట్లో చెస్టర్ బిషప్ కింద ఉండేవి. మీ ప్యారిష్ ఏ బిషప్ కిందిదో తేల్చుకోకుండా బిషప్ నకళ్లు, వీలునామాలు వెతికితే కాలం వృథా.

బిషప్ నకలు అంటే: 1598 నుంచి ప్రతి ప్యారిష్ ఏడాదికొకసారి తన రిజిస్టరు నకలు బిషప్‌కు పంపాల్సి ఉండేది. అసలు రిజిస్టరు తడిసిపోయినా చెదలు తిన్నా నకలు మిగిలి ఉండొచ్చు. రెండూ ఉంటే రెండూ చూడాలి. నకలు రాసేటప్పుడు వరుసలు దాటిపోవడం, ఇంటిపేరు తప్పు పడటం మామూలు. ఒక్కోసారి అసలులో లేని ముక్క నకలులో ఉంటుంది. యార్క్ డయోసిస్ నకళ్లు యార్క్ విశ్వవిద్యాలయంలోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. నార్త్ రైడింగ్ అసలు రిజిస్టర్లు చాలావరకు నార్తలర్టన్‌లోని కౌంటీ రికార్డ్ ఆఫీసుకు చేరాయి. రెండింటి స్కాన్లూ ఫైండ్‌మైపాస్ట్ యార్క్‌షైర్ సేకరణలో దొరుకుతాయి.

ఖర్చు విషయం. ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్ సైట్లు రెండూ ఉచితం. వాటిలో ఇంటిపేరును నాలుగైదు స్పెల్లింగుల్లో వెతికి, 1785 నుంచి 1800 దాకా ఆ తండ్రి పేరుతో ఉన్న బాప్తిస్మాలన్నీ ప్యారిష్ వారీగా ఒక షీట్‌లో వేసుకోండి. క్యాడెట్ కాగితం దొరక్కపోయినా, ఒకే తండ్రికి కనీసం ముగ్గురు కొడుకులు ఉండి, మూడోవాడు మీ పేరువాడైన ప్యారిష్‌లు రెండో మూడో తేలతాయి. ఆ జాబితా తయారయ్యాకే ఫైండ్‌మైపాస్ట్‌కు ఒక్క నెల చందా కట్టి, స్కాన్లన్నీ దించుకోండి. జాబితా లేకుండా చందా కడితే నెలంతా వెతుకులాటకే సరిపోతుంది. ఫ్యామిలీసెర్చ్ స్కాన్లు కొన్ని ఇంట్లో తెరుచుకోవు, వాళ్ల కేంద్రాల్లోనే చూడాలి.

సూచికలో దొరికినదాన్ని రుజువు అనుకోవద్దు. అది ఎవరో పాత చేతిరాత చదివి టైపు చేసింది. స్కాన్ తెరిచి, ఆ పేజీకి ముందు పేజీ, తర్వాతి పేజీ కూడా చూడాలి. తోబుట్టువులు, అదే ఇంటిపేరుతో ఇంకో కుటుంబం, పక్కన పాదిరి రాసిన చిన్న గమనిక, ఇవేవీ సూచికల్లోకి రావు.

బాప్తిస్మం తర్వాత తల్లిదండ్రుల పెండ్లి. పెద్ద బిడ్డ పుట్టిన ఏడాదికి ఓ రెండేళ్లు వెనక్కి మొదలుపెట్టండి. పెండ్లి మామూలుగా అమ్మాయి ప్యారిష్‌లో జరిగేది, డేడ్ నమోదు ఉంటే ఆ ఊరు మీకు ముందే తెలుస్తుంది. 1754 మార్చి 25 నుంచి పెండ్లి రిజిస్టరు వేరు: వధూవరుల సంతకాలో వేలిగుర్తు బదులు గీసిన ఇంటూ మార్కులో, ఇద్దరు సాక్షులు, చర్చిలో ముందుగా చదివిన ప్రకటన మీద జరిగిందా లైసెన్సు మీదా అన్నది రాయాల్సి ఉండేది. లైసెన్సు అని ఉంటే తప్పకుండా దాని బాండు, ప్రమాణపత్రం వెతకండి. వయసు, వృత్తి, ప్యారిష్ ఉంటాయి. "21, ఆ పైన" అని ఉంటే 21 అని కాదు, 50 అయినా కావొచ్చు.

ఒకవేళ ఆ ఇంటి పెండ్లిళ్లు ప్యారిష్‌లో ఉండి, బాప్తిస్మాలు ఒక్కటీ కనిపించకపోతే వాళ్లు ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ అధికార చర్చివాళ్లు) కాకపోవచ్చు. 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు, యూదులు తప్ప ఎవరైనా పెండ్లికి ప్యారిష్ చర్చికే రావాలి, బిడ్డల బాప్తిస్మం మాత్రం తమ సొంత ప్రార్థనా మందిరమైన చాపెల్లో చేసుకునేవాళ్లు. ఆ చాపెల్ రిజిస్టర్లు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జి 4 వరుస. 1822లో కడపలో మిషన్ పెట్టిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్ల కుటుంబాలు వెతికేవాళ్లకు ఇదే మొదటి దారి.

తుంగభద్ర_కర్నూలు:

1562 వృక్షం గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. నమ్మొద్దు. రిజిస్టర్లు పెట్టమని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వు ఇచ్చింది 1538లో. మొదట్లో కాగితం మీద రాశారు. 1598లో వాటిని తోలు పత్రాల మీదికి ఎక్కించమన్నప్పుడు, ముఖ్యంగా మొదటి ఎలిజబెత్ రాణి ఏలుబడి మొదలైనప్పటి నుంచి ఎక్కించండి అన్నారు. అందుకే చాలా ప్యారిష్‌ల రిజిస్టర్లు 1558లో మొదలవుతాయి. అంటే 1562 పేరు ఒకటి రిజిస్టర్లో ఉండటం సాధ్యమే. అక్కడి నుంచి 1797 దాకా గొలుసు తెగకుండా రావడమే కష్టం.

తెగే చోటు దాదాపు అన్ని కుటుంబాలకూ ఒకటే: 1642 నుంచి 1660. అంతర్యుద్ధంలో పాదిరులను తీసేశారు, రిజిస్టర్లు ఖాళీగా పోయాయి. 1646లో బిషప్ పదవులనే రద్దు చేశారు కాబట్టి నకళ్లూ లేవు. 1653 తర్వాత రాసినచోట బాప్తిస్మానికి బదులు పుట్టిన తేదీ ఉంటుంది, పెండ్లి మేజిస్ట్రేటు ముందు జరిగేది. ఆ వృక్షంలో ఈ పద్దెనిమిదేళ్లను ఏ కాగితంతో దాటారో అడగండి. వీలునామానో భూమి దస్తావేజో చూపకుండా ఒకే పేరున్న ఇద్దరిని తండ్రీకొడుకులుగా కలిపి ఉంటే ఆ పైదంతా కొట్టేయొచ్చు.

తేదీలు. 1751 దాకా ఇంగ్లండ్ చర్చి సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మన ఉగాది మాదిరి ఆ రోజుల్లోనే. 1740 జూన్‌లో పెండ్లి, "1740 మార్చి 20"న బిడ్డ బాప్తిస్మం అని కనిపిస్తే పెండ్లికి ముందే బిడ్డ అని రాసేస్తారు. కాదు, ఆ మార్చి మన లెక్కలో 1741. జనవరి 1 నుంచి మార్చి 24 దాకా ఉన్న ప్రతి తేదీని 1740/41 అని రెండు సంవత్సరాలతో రాసుకోండి. 1752లో సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14 వచ్చింది, మధ్యలో పేజీ చిరిగిందేమోనని వెతక్కండి.

1783 అక్టోబరు 1 నుంచి 1794 దాకా ప్రతి నమోదుకూ మూడు పెన్నీల పన్ను ఉండేది, బీదలకు మినహాయింపు. ఆ తేదీకి ముందు ఒకేసారి ముగ్గురు నలుగురు పిల్లలకు బాప్తిస్మం చేయించినవాళ్లున్నారు, పన్ను పోయేదాకా ఆగినవాళ్లూ ఉన్నారు. ఈ కెప్టెన్ అన్నలిద్దరూ ఆ కాలంలో పుట్టి ఉంటారు కాబట్టి, బాప్తిస్మం ఏడాదినే పుట్టిన ఏడాదిగా తీసుకోకండి.

చేతిరాత. 1733 మార్చి 25 దాకా లాటిన్ కనపడొచ్చు. బాప్టిజాటుస్, నుప్తి, సెపుల్తుస్ అంటే వరుసగా బాప్తిస్మం, పెండ్లి, భూస్థాపన. ఫిలియుస్ కొడుకు, ఫిలియా కూతురు, ఉక్సోర్ భార్య, విదువా విధవ. యాకోబుస్ అంటే జేమ్స్, గులియెల్ముస్ అంటే విలియం. 1650కి వెనక "సెక్రటరీ" అనే అప్పటి చేతిరాతలో చిన్న "ఇ" వెనక్కి తిరిగి, "హెచ్" తోక గీత కిందికి దిగి ఉంటుంది. తెలిసిన పదాలు, నెలల పేర్లు, "సన్ ఆఫ్" లాంటివి పట్టుకుని, ఆ పాదిరి ఒక్కో అక్షరం ఎట్లా తిప్పుతాడో కాగితం మీద వరుసగా గీసుకుంటే పేర్లు విడతాయి. పొడవు "ఎస్"ను "ఎఫ్" అని చదివి ఇంటిపేరు మార్చేసిన సూచికలు బోలెడు. సూచికలో పేరు లేదంటే ఆ అక్షరాలు మార్చి మళ్లీ వెతకండి.

కడప_కైఫీయత్:

ముగ్గురికీ ధన్యవాదాలు. క్యాడెట్ కాగితం నకలు వచ్చింది, ప్యారిష్ తేలింది, యార్క్ డయోసిస్ కిందిదే. బాప్తిస్మం 1797 మార్చి, డేడ్ నమూనాలోనే ఉంది: మూడో కొడుకు, తండ్రి రైతు, తాత పేరు జాన్, ఆయనది పక్క ప్యారిష్.

ఇప్పుడు తండ్రి బాప్తిస్మం దగ్గర ఆగింది. ఆ పక్క ప్యారిష్‌లో అదే పేరుతో "జాన్ కొడుకు" అని ఇద్దరున్నారు, ఒకటి 1759, ఇంకొకటి 1763. రెండింట్లోనూ తల్లి పేరు లేదు. ఏది తీసుకోవాలి?

పాత_దస్తరం:

ముందు భూస్థాపన రిజిస్టరు. 1759 నుంచి 1763 దాకా ప్రతి పేజీ చూడండి. పెద్దవాడు పసితనంలో పోతే అదే పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం వాళ్లలో మామూలు. 1759 వాడు 1763కు ముందే "జాన్ కొడుకు, పసివాడు" అని పూడ్చినట్టుంటే ఇద్దరూ ఒకే జాన్ పిల్లలు కావొచ్చు, ఏదైనా మీకు కావలసినవాడు రెండోవాడు.

అట్లా లేకపోతే ఆ ఊళ్లో ఇద్దరు జాన్‌లు ఉండి ఉండొచ్చు. అప్పుడు పిల్లలిద్దరినీ ముందుకు నడిపించాలి: ఎవరు ఎక్కడ పెండ్లి చేసుకున్నారు, ఎవరు ఎప్పుడు పోయారు. మీవాడు 1777 తర్వాత, 1812కు ముందు అదే డయోసిస్‌లో పోయి ఉంటే భూస్థాపన నమోదులో వయసు ఉండొచ్చు. 1813 జనవరి నుంచి అచ్చు ఫారాల్లో అందరికీ వయసు ఉంటుంది. ఆ వయసు నాలుగేళ్ల తేడా పట్టడానికి చాలు, కానీ ఒంటరిగా నమ్మేది కాదు.

1754 తర్వాతి పెండ్లి రిజిస్టర్లో కెప్టెన్ తండ్రి సంతకం ఉండొచ్చు. ఆ రెండు జాన్‌ల కూతుళ్ల పెండ్లిళ్లు చూడండి, సాక్షిగా ఎవరు సంతకం చేశారో. అక్కడ సాక్షిగా నిలిచిన అన్నదమ్ముడి సంతకం, కెప్టెన్ తండ్రి సొంత పెండ్లి సంతకం ఒకే చేతివైతే ఆ ఇల్లే. ఇది నకళ్లలో పనిచేయదు, అసలు రిజిస్టరు స్కానే కావాలి. నకలులో సంతకాలన్నీ పాదిరి చేతివే.

గుత్తికోట:

దానికి తోడు జాన్‌ల వీలునామాలు తీయి అన్నా. రైతు అంటే కొంచెం ఆస్తి ఉండే ఉంటాది. 1858కి ముందు వీలునామాలు చర్చి కోర్టుల్లో రుజువయ్యేవి, యార్క్ కోర్టువి బోర్త్‌విక్‌లోనే ఉండాయి. సూచికలో జాన్, ఆ ప్యారిష్ పేరు వేసి, 1763 నుంచి 1815 దాకా చూడు. "నా కొడుకుకు, ఫలానా ఊళ్లో ఉంటున్నవాడికి" అన్న వాక్యం కోసం వెతకాల, ఆ ఊరు డేడ్ నమోదులో తండ్రి నివాసంతో కలవాల. మనవళ్ల పేర్లు రాసినారంటే ఇంకేం కావాల.

నకలు అడిగేటప్పుడు పేరు, ప్యారిష్, రుజువైన నెల, సంవత్సరం, కోర్టు, సూచికలో ఉన్న సంపుటం, ఫోలియో నంబర్లు అన్నీ ఒకే మెయిల్లో పెట్టు. ఒకటి తక్కువైనా వాళ్లు తిరిగి అడుగుతారు, అంతలోకి ఒక నెల పోతాది. వీలునామా లేకుండా పోయినోళ్లకు ఆస్తి పంచే అధికారపత్రం ఉంటాది, అది కూడా అదే సూచికలోనే చూడు. పెద్ద కొడుకు పేరు అందులో బాండు మీద ఉండొచ్చు.